అంజమ్మ గుంట కుళాయి

నరసరావుపేటలో రాళ్ళమిట్ట వీధికి ఆ పేరు ఊరికే రాలేదు. గడప ముందు గునపం వేస్తే మోకాలి లోతు దిగకముందే ఠంగుమంటుంది. కింద అంతా రాయే. అందుకే ఆ వీధిలో ఒక్క చెట్టూ ఏపుగా పెరగదు, ఒక్క గుంజా నిటారుగా నిలబడదు. మనుషులు మాత్రం బాగానే పెరిగారు.

మున్సిపాలిటీ వాళ్ళు కుళాయిలు వేసిన కొత్తలో నడుమెత్తు గొట్టాల్లోంచి నీళ్ళు ధారగా పడేవి. ఇళ్ళు పెరిగేకొద్దీ ధార సన్నబడింది. ఎవరో ఒకాయన కుళాయి ఊడదీసి గొట్టాన్ని నేలమట్టానికి కోశాడు. ధార లావైంది. అది చూసి పక్కింటాయన చిన్న గుంట తవ్వి గొట్టాన్ని ఇంకా కిందికి దించాడు. ఆ పక్కాయన ఊరుకుంటాడా? గొట్టం ఎంత కిందికుంటే నీళ్ళు అంత బాగా పడతాయని తేలిపోయాక వీధివీధంతా గునపాలు పట్టుకుంది. అయితే అందరి గునపాలూ రాయి తగిలి మోకాలి దగ్గరే ఆగిపోయాయి, ఒక్కరిది తప్ప.

ఆ ఒక్కరు లింగయ్య. క్వారీలో రాయి కొట్టే మనిషికి రాయి ఒక లెక్కా? పనిలేని రోజుల్లో ఇంటి ముందు కూర్చుని, ఉలీ సుత్తీ పట్టి, రొమ్ము లోతు గుంట తొలిచాడు. చుట్టూ నున్నటి నాపరాళ్ళు నిలబెట్టాడు. దిగడానికి మెట్లు పెట్టాడు. ఇల్లేమో వీధి మొదట్లో, మిట్ట మీద. పెద్దరోడ్డు నుంచి వచ్చే నీళ్ళు ముందు ఆ గుంటలో దుమికి, మిగిలినవి కిందికి పోయేవి. దాంతో వీధి ఆడవాళ్ళంతా మంచినీళ్ళకి బిందెలు పట్టుకుని మిట్ట ఎక్కడం మొదలుపెట్టారు.

లింగయ్య పెళ్ళాం అంజమ్మకి అప్పటినుంచీ పట్టాభిషేకం అయినట్టే. తెల్లవారగానే తల దువ్వుకుని, గుంట గట్టు మీద కాళ్ళు వేలాడేసి కూర్చునేది. ఎవరి బిందె ముందు, ఎవరిది వెనక అన్నది ఆమె నోటిమాట. బిందె నిండేలోపు ఎవరింట్లో ఏం కూరో, ఎవరి కోడలు ఎందుకు అలిగిందో అన్నీ ఆమెకి అందాల్సిందే. పేచీలు వస్తే అక్కడే తీర్పు.

"ఏందే రాములమ్మ వదినా, నిన్న నువ్వు రెండు బిందెలు ఎక్కువ పట్టావంట?"

"మా ఆయన తలంటుకున్నాడే అంజమ్మా!"

"పండగా పబ్బమా? మనిషికి బట్టతల, తలంటుకి బిందెడు నీళ్ళా?"

గట్టు చుట్టూ నవ్వులు లేచేవి. రాములమ్మ కూడా నవ్వేది. ఆ నవ్వుల కోసమైనా బిందె పట్టుకుని రావాలనిపించేది.

వీధి చివర పల్లంలో మేడ ఉన్న సరస్వతమ్మ కూడా పనిమనిషిని పంపకుండా తనే వచ్చేది. వాళ్ళకి శావల్యాపురం దగ్గర పొలాలున్నాయి. మేడ మీద టీవీ ఏంటెనా కమ్మీ ఉన్నది ఆ వీధిలో వాళ్ళింటికే. అంతటి ఆవిడ తన గట్టు దగ్గర వంతు కోసం నిలబడుతుంటే అంజమ్మకి కడుపు నిండిపోయేది.

సరస్వతమ్మ మనవరాలు చిట్టి ఆమె కొంగు పట్టుకుని వచ్చేది. ఆరేళ్ళ పిల్ల. గుంట మెట్ల మీద కూర్చుని చింతాకులు నీళ్ళలో వదిలి, "పడవ, పడవ" అనేది. అంజమ్మకి పిల్లలు లేరు. ఆ పిల్ల రాని రోజు గట్టు మీద కూర్చున్నా ఆమెకి ఏదో వెలితిగా ఉండేది. ఆ చిట్టికే మాఘమాసంలో పచ్చకామెర్లు వచ్చాయి. కళ్ళు పసుపుముద్దలయ్యాయి. వైశాఖానికి గానీ లేచి తిరగలేదు.

ఆ పిల్లొక్కతే కాదు, ఆ వీధిలో ఎప్పుడూ ఎవరో ఒకరు కడుపు పట్టుకునే ఉండేవాళ్ళు. డాక్టరు, "నీళ్ళు కాచి చల్లార్చి తాగండి" అన్నాడు. అందరూ తల ఊపారు, ఎవరూ కాచలేదు.

"మా అంజమ్మ గుంట నీళ్ళు ఐసు ముక్కల్లా ఉంటాయి. కాచితే ఇంకేం రుచి?" అనేది సరస్వతమ్మ. ఆ మాట విని అంజమ్మ ఇంకో మెట్టు ఎత్తున కూర్చునేది.

ఆ వైశాఖంలోనే అంజమ్మ మరిది గురవయ్యకి బెల్లంకొండ పిల్ల ఆదెమ్మతో పెళ్ళయింది. పెళ్ళివాళ్ళు ఇంటికి వచ్చాక ఒక సాయంత్రం వసంతాలాడారు. పసుపునీళ్ళలో సున్నం కలిపితే నీళ్ళు ఎర్రబడతాయి. ఆ ఎరుపు చాలదని గురవయ్య స్నేహితులు కొట్టు నుంచి రంగుపొట్లాలు తెచ్చి గంగాళంలో కుమ్మరించారు. కొత్త దంపతులు ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు. వాళ్ళని వదిలేసి వీధంతా వీధంతటి మీదా చల్లుకుంది. రాములమ్మ మొగుడి బట్టతల ఎర్రగా మెరిసిపోయింది. లింగయ్య సిగ్గుపడి దొడ్లోకి పారిపోతే, అంజమ్మ చెంబు పట్టుకుని తరిమి మరీ పోసింది.

అందరూ వెళ్ళిపోయేసరికి గంగాళంలో ఇంకా సగం మిగిలింది. వసంతం నీళ్ళు మంగళకరమైనవి. వాటిని తొక్కకూడదు. వీధిలో పోస్తే పదిమందీ తొక్కుతారు. మురుగుకాలువలో పోస్తే దోషం. చెట్టు మొదట్లో పోద్దామంటే ఆ వీధిలో చెట్టెక్కడిది? అంజమ్మ కాసేపు ఆలోచించి, గంగాళానికి ఒక పక్క తను పట్టి, ఇంకో పక్క ఆదెమ్మని పట్టమంది.

"గుంటలో పోద్దాం పట్టవే. గంగమ్మ దగ్గరికే గంగమ్మ. ఎవరి కాలూ తగలదు."

కొత్తకోడలు మారుమాట్లాడకుండా పట్టింది. గుంటలో అప్పటికే గొట్టం మూతి మునిగేంత నీళ్ళు నిలిచున్నాయి. అవి ఎర్రగా మారాయి. నీళ్ళు తోడినప్పుడు కారినవి, ఒలికినవి, కాళ్ళు కడిగినవి ఆ అడుగున ఎప్పుడూ నిలిచే ఉంటాయి. గొట్టానికి కుళాయి లేదు, పుల్లకి చుట్టిన గుడ్డపేలికే బిరడా. పెళ్ళి సందట్లో ఆ పేలిక పెట్టడం కూడా ఎవరికీ గుర్తులేదు.

పొద్దున్నే కుళాయిలు వచ్చిన కాసేపటికి పల్లంలోంచి కేక వినిపించింది. సరస్వతమ్మ గొంతు. ఆ వెంటనే రాములమ్మ గొంతు. ఆ వెంటనే ఎవరిదో తెలియని గొంతు. అందరి ఇళ్ళ గొట్టాల్లోంచీ ఎర్రటి నీళ్ళు!

జనం వీధిలోకి వచ్చారు. ఎవరూ బిందె ముట్టలేదు. అప్పుడు వీరయ్య వచ్చాడు. వార్డు ఎన్నికల్లో నిలబడాలని ఎన్నాళ్ళనుంచో తెల్లపంచెలు ఉతికించుకుంటున్న మనిషి. దోసిట్లో నీళ్ళు పట్టి, వాసన చూసి, కళ్ళు మూసుకున్నాడు.

"పసుపు వాసనరా!" అన్నాడు వణుకుతున్న గొంతుతో. "పసుపు కుంకాలతో పోలేరమ్మ తల్లి మన వీధికి నడిచొచ్చింది. చిట్టికి జబ్బు తగ్గించిందా లేదా? ఇదిగో ఆనవాలు!"

ఒక్కసారిగా దణ్ణాలు లేచాయి. అమ్మ ఏ దారిన వచ్చిందోనని ఇంటింటా చూసుకుంటూ మిట్ట ఎక్కారు. అంజమ్మ గుంట గోడలు చూస్తే అందరింటికన్నా ఎర్రగా ఉన్నాయి. ఇంక అనుమానం ఏముంది? అమ్మ దిగింది అక్కడే. ఎవరో గట్టుకి పసుపు రాశారు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. పక్కవీధి ముసలమ్మ ఒకామె గబగబా వచ్చి అంజమ్మ కాళ్ళు పట్టుకుంది.

"నా తల్లీ, నువ్వెంత పుణ్యం చేసుకున్నావే!"

ఎంత గట్టు మీద కూర్చున్నా అంజమ్మ కాళ్ళు పట్టుకున్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

ఆదెమ్మ గుమ్మం వెనకనుంచి ఆమె కొంగు లాగింది.

"అక్కా, అది నిన్న మనం పారబోసిందే గదా?"

"నోర్మూసుకోవే."

"కాదక్కా, నా చేతులింకా ఎర్రగానే ఉండయ్. చూడు."

"చేతులు చీరలో పెట్టుకో. కొత్తకోడలివి, లోపలికి పో!"

ఆదెమ్మ లోపలికి పోయింది గానీ ఆ మాట అంజమ్మ చెవిలోంచి పోలేదు. పొద్దునా సాయంత్రం నీళ్ళు ఆగిపోయేటప్పుడు గొట్టం గుర్రుమని, గుంటలో నిలిచిన నీళ్ళని వెనక్కి పీల్చుకోవడం ఆమె రోజూ వినేదే. "గొట్టానికి దాహమైంది, గుటకలేస్తంది" అని నవ్వేది కూడా. ఆ తాగిన నీళ్ళు ఎటు పోతున్నాయో ఏ రోజూ అనుకోలేదు. ఇప్పుడు తెలిసిపోయింది. పల్లంలో ఉన్న ప్రతి ఇంటికీ పోతున్నాయి.

తెలిసినా ఆమె గట్టు దిగలేదు. వీరయ్య అక్కడ చిన్న గుడి కట్టాలంటున్నాడు. గుడికి ముందు మెట్టు మీద అంజమ్మ పేరు చెక్కించాలంటున్నాడు. రాయి మనదే, చెక్కేదీ మన లింగయ్యే అంటున్నాడు. ఇంత పొద్దున్నే ఇంత గొప్ప ఎవరికి దక్కుతుంది? కాసేపు దక్కనీ అనుకుంది. మధ్యాహ్నానికి అంతా సద్దుమణుగుతుంది, ఎవరికీ చెప్పే పనే ఉండదు అనుకుంది.

అప్పుడే సరస్వతమ్మ చిట్టిని నడిపించుకుంటూ వచ్చింది. గుంట అడుగునున్న ఎర్రనీళ్ళలో వెండిగ్లాసు ముంచింది. కళ్ళకద్దుకుంది.

"తీర్థం తాగు తల్లీ. ఇంక నీకు ఏ జబ్బూ రాదు."

చిట్టి గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. పిల్ల కళ్ళలో పసుపు ఈ మధ్యే పోయి తెలుపు వచ్చింది. ఆ తెల్లటి కళ్ళు గ్లాసు అంచు మీదుగా అంజమ్మని చూసి నవ్వాయి.

అంజమ్మ గట్టు మీదనుంచి ఒక్క దూకు దూకింది. చెయ్యి విసిరింది. గ్లాసు ఎగిరి నాపరాయి మీద ఖణేలుమంది. ఎర్రనీళ్ళు వీరయ్య తెల్లపంచె మీద పడ్డాయి.

"అంజమ్మా!" సరస్వతమ్మ గుండెలు బాదుకుంది. "అమ్మవారి తీర్థం నేలపాలు చేశావా?"

"అమ్మవారు లేదు, ఏం లేదు పిన్నీ! అది మా గురవయ్య వసంతం. నిన్న మిగిల్తే నేనే గుంటలో పోశా. గొట్టం తాగి మీ ఇళ్ళల్లో కక్కింది."

వీరయ్య పంచె దులుపుకుని గంభీరంగా నవ్వాడు.

"మిట్ట మీద పోస్తే పల్లంలో ఇంటింటికీ వస్తదా? నీళ్ళేమన్నా పోస్టుమానా? అమ్మ నీకు పరీక్ష పెడతంది, అంతే."

"సరే మామా. నాకు పరీక్ష పెడితే అమ్మకి నేనూ ఒక పరీక్ష పెడతా. ఈ సాయంత్రం గుంటలో నీలిమందు పోస్తా. రేపు మీ ఇళ్ళల్లో నీలం నీళ్ళొస్తే ఏమంటావ్? అమ్మవారు చీర మార్చుకుందంటావా?"

"కళ్ళు పోతాయే అంజమ్మా!"

"పోతే నా కళ్ళే గదా. రేపు ఒక్క బిందె కూడా ఎవరూ తాగబాకండి. చూడండి, చాలు."

జనం గొణుక్కుంటూ మిట్ట దిగారు. ఆ రోజు ఎవరూ ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. లింగయ్య మాత్రం అన్నం తింటూ, "గుడికి మంచి నల్లరాయి చూసి పెట్టుకున్నానే" అని నిట్టూర్చాడు.

సాయంత్రం నీళ్ళు ఆగే ముందు వీధి అంతా చూస్తుండగా అంజమ్మ నీలిమందు డబ్బాలు గుంటలో ఒలకబోసింది. గొట్టం గుర్రుమంది. గుటకలు వేసింది. గుంటలో నీలం కళ్ళముందే కిందికి దిగింది. వంగి చూస్తున్న ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

మర్నాడు వీధికి వీధి తెల్లవారకముందే గుమ్మాల్లో నిలబడింది. ముందు రాములమ్మ గొట్టం దగ్గింది. ఆ తర్వాత సరస్వతమ్మది. ఆకాశం రంగు నీళ్ళు! నిన్న కేకలు వచ్చిన చోటల్లా ఈసారి నవ్వులు వచ్చాయి. ఎర్రమరకల పంచెని ఆ సంగతే మరిచి నీళ్ళలో నానేసిన వీరయ్య దాన్ని పైకి తీసి చూసి కూలబడ్డాడు.

"బాధపడబాక మామా," అంది అంజమ్మ మిట్ట మీదనుంచి. "నీలిమందు వేయించే కూలి మిగిలింది!"

నవ్వీ నవ్వీ అలిసిపోయాక రాములమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"అయితే అంజమ్మా... మొన్న నా కోడిపిల్ల మా గుంటలో పడి చచ్చి, రెండ్రోజులకి గదా తేలింది?"

"మా ఇంటి గుంట పక్కనే బర్రెని కడుగుతామే!" అంది ఇంకొకామె.

"మొన్న వానకి మురుగుకాలువ పొంగి మా గుంటలోకే దిగిందమ్మా."

"వాంతి అయ్యేట్టుంది, ఊరుకోండే!"

"నీ కోడిపిల్లని మేం తాగాం. మా బర్రెనీళ్ళు నువ్వు తాగావ్. లెక్క సరిపోయింది పో!"

మళ్ళీ నవ్వులు. ఒకామె నిజంగానే వెళ్ళి వాంతి చేసుకుని వచ్చి మళ్ళీ నవ్వింది. సరస్వతమ్మ ఒక్కతే నవ్వలేదు. చిట్టిని ఒళ్ళోకి లాక్కుని, "డాక్టరు కాచుకోమని చెప్పినా వినలేదు నేను" అంది.

ఆ రోజే కుళాయిలు బిగించే మన్సూర్‌ని పిలిచారు. వీరయ్యే పోయి తీసుకొచ్చాడు, నీలం పంచెతోనే. మన్సూర్ వీధంతా తిరిగి చూశాడు. ప్రతి గొట్టాన్నీ నడుమెత్తుకి లేపాలి, కుళాయి బిగించాలి, గుంటలన్నీ పూడ్చాలి అన్నాడు. ఒక్కటి మిగిలినా మళ్ళీ ఇదే కథ. చివరికి అంజమ్మ గుంట దగ్గరికి వచ్చి, మెట్లు చూసి మెచ్చుకుని, తల గోక్కున్నాడు.

"అక్కా, ఒక మాట. అందరివీ పైకి లేపితే పల్లంలో ఇళ్ళకి నీళ్ళు బాగా వస్తాయి. మీది మిట్ట. నీ కుళాయికి బొట్టు కూడా ఎక్కకపోవచ్చు."

అందరూ అంజమ్మ వైపు చూశారు. ఆమె వద్దంటే ఎవరూ బలవంతం చేసేవాళ్ళు కాదు. ఆమెకి గట్టు కనిపించింది. ఆ గట్టు చుట్టూ పొద్దున్నే చేరే మొహాలు కనిపించాయి. రేపటినుంచి వీళ్ళెవరూ మిట్ట ఎక్కరు. తనే బిందె చంకనెత్తుకుని ఎవరింటికో దిగి, వంతు కోసం నిలబడాలి.

"ఏమయ్యా?" అంది మొగుడి వైపు తిరిగి.

లింగయ్య నాపరాళ్ళని చేత్తో తడిమాడు. "నా చేతులతో తొలిచిందాన్ని నా చేతులతో పూడ్చమంటావా?"

"ఇంకెవరన్నా పూడిస్తే నీకు నచ్చుతదా? వంకలు పెట్టవూ?"

లింగయ్య ఆలోచించాడు. "నిజమే. వీళ్ళకి రాయి పేర్చడం కూడా రాదు" అని గునపం తేవడానికి లోపలికి పోయాడు.

"లేపు తమ్ముడూ," అంది అంజమ్మ మన్సూర్‌తో. "ముందు నాదే లేపు. ఆలస్యమైతే మనసు మారుద్ది."

కొత్త కుళాయిలకి నీళ్ళు వదిలిన పొద్దున అంజమ్మ ఎంతసేపటికీ తలుపు తీయలేదు. చివరికి బయటికొచ్చి కుళాయి తిప్పి చూస్తే కాస్త గాలి వచ్చింది, ఓ నాలుగు చుక్కలు రాలాయి, అంతే. పల్లంలోంచి బిందెల చప్పుడు, జనం సందడి వినిపిస్తున్నాయి. ఆదెమ్మ బిందె తీసుకుంది.

"నేను పోయొస్తానక్కా."

"నువ్వా? ఆళ్ళు నీ చేత ఊరంతటి బిందెలూ మోయిస్తారు. ఇటివ్వు."

అంజమ్మ తల దువ్వుకుంది. మంచి చీర కట్టుకుంది. యుద్ధానికి పోతున్నట్టు మిట్ట దిగింది. అన్నిటికన్నా ధార లావుగా పడేది పల్లం చివరి కుళాయికేనని సరస్వతమ్మ మేడ ముందు ఆడవాళ్ళంతా వరసగా ఉన్నారు. వాళ్ళని చూడగానే ఆమె బిందె ఈ చంకనుంచి ఆ చంకకి మార్చుకుంది.

"రావమ్మా, గుంట మహారాణీ!" అరిచింది రాములమ్మ. "వంతులో నిలబడు. ఇక్కడ నీ రాజ్యం చెల్లదు!"

"రాజ్యం పోతే పోయిందిలే. నీ నోరు ఇంకా పోలా?" అంది అంజమ్మ, వరస చివర నిలబడుతూ.

ఇదివరకు గుంటలో ఒక మనిషి వంగి ఉంటే పైనున్నవాళ్ళకి నడినెత్తి కనిపించేది. ఇప్పుడందరూ నిలబడే పట్టుకుంటున్నారు. ఒకరి మొహం ఒకరికి కనిపిస్తోంది. బిందె కూడా త్వరగా నిండుతోంది. మాట మొదలై ముగిసేలోపే వంతు వచ్చేస్తోంది. అది మాత్రం అంజమ్మకి నచ్చలేదు.

"ఇదేం పద్ధతే? సగం ముచ్చట చెప్పి పోతావా? బిందె పక్కన పెట్టి, చెప్పిపో."

"ఏం చెప్పమంటావ్?"

"మీ కోడలు పుట్టింటినుంచి ఇంకా ఎందుకు రాలా?"

ఆ కోడలి సంగతి తేలలేదు. ఈలోపు ఇద్దరు వంతు కోసం తగాదా పడ్డారు. అందరూ అలవాటు కొద్దీ అంజమ్మ వైపు తిరిగారు. ఆమె వరస మధ్యనుంచే తీర్పు చెప్పింది. ఆ తీర్పు నచ్చనామె ఎదురు తిరిగింది. సరస్వతమ్మ కుర్చీ తెప్పించి అరుగు మీద వేయించింది. "కూర్చుని తిట్టవే, నడుము నొప్పి పుడుతుంది" అంది. అంజమ్మ వద్దంది, మళ్ళీ వద్దంది, కూర్చుంది.

చిట్టి లోపలినుంచి కాచి చల్లార్చిన నీళ్ళ గ్లాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. అంజమ్మ తాగి మొహం చిట్లించింది.

"రుచీ పచీ లేదు పిన్నీ."

"తాగు నోర్మూసుకుని!" అంది సరస్వతమ్మ.

పొద్దు బారెడెక్కాక ఆదెమ్మ కంగారుగా మిట్ట దిగి వచ్చింది. పొయ్యి మీద ఎసరుకి నీళ్ళు లేవు, వెళ్ళిన మనిషి రాలేదు. చూస్తే అక్క కుర్చీలో కూర్చుని చేతులు తిప్పుతూ ఎవరినో ఉతికి ఆరేస్తోంది, చుట్టూ ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు. ఆమె బిందె నిండిపోయి నీళ్ళు వీధివెంట పారుతున్నాయి.

"అక్కా, బిందె!" అంది ఆదెమ్మ.

"అదెక్కడికి పోద్దే? నువ్వు కూడా వచ్చి కూర్చో. మంచి ముచ్చట్లో ఉన్నాం" అంది అంజమ్మ.